మాట పుట్టే ఇల్లు

మానవుణ్ణి తక్కిన జీవరాశి నుంచి వేరు చేసే లక్షణాలలో వాక్కు ముఖ్యమైనది. పక్షులు కూస్తాయి, పశువులు అరుస్తాయి. కాని నిన్న జరిగిన దానిని నేడు చెప్పుకోగలిగినవాడు, రేపు చేయవలసిన పనిని నేడే మాటలలో పెట్టుకోగలిగినవాడు మనిషి ఒక్కడే. ఈ శక్తి ప్రతి శిశువులోనూ బీజరూపంలో ఉంటుంది. విత్తనం ఒక్కటే అయినా నేలను బట్టి, నీటిని బట్టి పైరు ఎదుగుదల మారినట్లు, పుట్టిన ఇంటి పరిస్థితులను బట్టి శిశువు భాష ఎదుగుతుంది. ఐదేళ్ళు నిండి బడిలో అడుగు పెట్టే నాటికే ఒక బాలిక చూసివచ్చిన తిరునాళ్ళను పూసగుచ్చినట్లు చెప్పగలుగుతుంది; పక్కనే కూర్చున్న మరొక బాలుడు అడిగిన దానికి తల ఊపి ఊరుకుంటాడు. ఈ తేడా పుట్టుకతో వచ్చిన తెలివిలోనిదా, పెరిగిన పరిస్థితులలోనిదా? ఈ ప్రశ్నకు చెప్పుకొనే సమాధానాన్ని బట్టి ఆ బాలుడిపై బడి వేసే ముద్ర, దానిని బట్టి అతని భవిష్యత్తు నిర్ణయమవుతాయి.

నెల్లూరు జిల్లాలో పెన్నానది ఒడ్డున ఉన్న సంగం మండల కేంద్రాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. పేరులోనే నీటి కలయికను నిలుపుకొన్న ఊరు అది. పంతొమ్మిదవ శతాబ్దిలో కట్టిన ఆనకట్ట, 2022 సెప్టెంబరులో ప్రారంభమైన కొత్త బ్యారేజీ ఆ ప్రాంతపు వరి సేద్యానికి ఆధారాలు. ఇటువంటి ఊరిలో సొంత పొలం ఉన్న రైతు ఇల్లు, కౌలుదారు ఇల్లు, రెక్కాడితేగాని డొక్కాడని కూలి ఇల్లు, యానాదుల గుడిసె, ఉపాధ్యాయుల ఇల్లు, వ్యాపారుల ఇల్లు దగ్గర దగ్గరగానే ఉంటాయి. అన్ని ఇళ్ళలోనూ పిల్లలు తెలుగే వింటారు. కాని ఎంత వింటారు, ఎవరి నుంచి వింటారు, తాము పలికినప్పుడు బదులు పలికేవారు ఎవరున్నారు అనే విషయాలలో ఇంటికీ ఇంటికీ భేదం ఉంటుంది.

పలుకు పుట్టుక

తల్లి గర్భంలో ఉండగానే అభిమన్యుడు పద్మవ్యూహాన్ని గురించి విన్నాడని లోకంలో ఒక కథ ప్రచారంలో ఉంది. లీలావతి గర్భంలో ఉన్న ప్రహ్లాదుడు నారదుని ఉపదేశం విన్నాడని భాగవతం చెబుతుంది. ఆ కథల సంగతి ఎలా ఉన్నా, గర్భస్థ శిశువుకు చివరి మూడు నెలలలో వినికిడి ఉంటుందని నేటి శాస్త్రం అంగీకరిస్తుంది. అప్పుడే పుట్టిన బిడ్డ ఇతరుల గొంతు కంటే తన తల్లి గొంతు వినడానికే ఎక్కువ ఇష్టపడుతుందని 1980లో అమెరికాలో జరిగిన ప్రయోగం నిరూపించింది. శిశువు అర్థాన్ని కాక తల్లి గొంతులోని లయను, హెచ్చుతగ్గులను గుర్తిస్తుంది.

పుట్టిన రెండు మూడు నెలలకు బిడ్డ 'ఉంగా' అంటూ ఊసులాడుతుంది. ఆరు నెలల ప్రాంతంలో 'బాబాబా', 'తాతాతా' వంటి అక్షరాల వరుసలు వస్తాయి. ఏడాది నిండే వేళకు అర్థవంతమైన తొలిమాట పలుకుతుంది. పెదవులు కలిస్తే పుట్టే మకార, పకార, బకారాలు, నాలుక కొన పంటికి తగిలితే పుట్టే తకార, నకారాలు శిశువుకు సులభమైనవి. అమ్మ, అవ్వ, అత్త, తాత, నాన్న, మామ అనే మన చుట్టరికపు మాటలు ఎక్కువగా ఈ ధ్వనులతోనే ఏర్పడి ఉండటం గమనింపదగినది. ఏడాదిన్నర దాటి రెండేళ్ళు వచ్చేసరికి 'అమ్మ బువ్వ', 'తాత రా' వంటి రెండు మాటల వాక్యాలు మొదలవుతాయి. మూడేళ్ళకు చిన్న చిన్న వాక్యాలు, నాలుగైదేళ్ళకు కథ చెప్పగల నేర్పు వస్తాయి. 'ఇళ్ళు' అనవలసిన చోట పిల్లవాడు 'ఇల్లులు' అంటే పెద్దలు నవ్వుతారు. నిజానికి అది తప్పు కాదు, ఎదుగుదలకు గుర్తు. ఎవరూ నేర్పని రూపాన్ని అతడు పలికాడంటే బహువచన సూత్రాన్ని తనంతట తానే గ్రహించాడన్నమాట.

శిశువు చెవి మొదట ప్రపంచంలోని ఏ భాషకైనా సిద్ధంగా ఉంటుంది. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని శిశువులకు హిందీలోని 'ట', 'త' ధ్వనులను వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ రెండింటి భేదాన్ని చక్కగా గుర్తించారు. పది పన్నెండు నెలలు వచ్చేసరికి చాలామందిలో ఆ శక్తి తగ్గిపోయింది. తమ ఇంట్లో వినబడని భేదాన్ని వారి మెదడు పక్కన పెట్టింది. టకార తకారాల మధ్యనే పెరిగే తెలుగు బిడ్డకు ఆ భేదం చెవిలో స్థిరపడుతుంది. మొదటి పుట్టినరోజు నాటికే ఇల్లు శిశువు చెవిని తన భాషకు అనుగుణంగా మలుస్తున్నదని దీని వల్ల తెలుస్తుంది.

ముద్దుమాటల విలువ

పసిబిడ్డతో మాట్లాడేటప్పుడు పెద్దల గొంతు తెలియకుండానే మారుతుంది. స్వరం హెచ్చుతుంది, మాట నెమ్మదిస్తుంది, అచ్చులు సాగుతాయి. అన్నం 'బువ్వ' అవుతుంది, పిండివంట 'అప్పచ్చి' అవుతుంది, పడుకోవడం 'బజ్జోవడం' అవుతుంది, ఆవు 'అంబా' అవుతుంది. ఇవి అర్థం లేని చేష్టలని కొందరు అనుకుంటారు. కాని చిన్న మాట, తేలిక ధ్వని, మళ్ళీ మళ్ళీ వచ్చే అక్షరం శిశువు దృష్టిని నిలిపి, మాటల ప్రవాహంలో నుంచి ఒక్కొక్క మాటను విడదీసుకొనేందుకు తోడ్పడతాయి.

తెలుగు ఇంటిలో ఈ పని ఒక్క తల్లిదే కాదు. నీళ్ళు పోసే అవ్వ ఒక్కొక్క అవయవం పేరు చెబుతూ ఒళ్ళు రుద్దుతుంది. ఉయ్యాల దగ్గర జోలపాట, అన్నం ముద్ద దగ్గర చందమామను పిలిచే పాట, కాళ్ళు చాపి ఆడించే గజ్జెల ఆట, చేతులు కలిపి ఆడే చెమ్మచెక్క, నిద్రకు ముందు కథ అన్నీ భాషాభ్యాసాలే. కథ చెప్పే తాత మధ్యలో ఆగి 'ఊ కొట్టమ'ని అడగడంలో గొప్ప బోధనా సూత్రం ఇమిడి ఉంది. వినేవాడు బదులు పలుకుతుంటేనే చెప్పేవాడు ముందుకు సాగుతాడు. 2018లో అమెరికాలో నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలపై జరిగిన ఒక అధ్యయనం ఈ విషయాన్నే మరొక రీతిగా చెప్పింది. విన్న మాటల సంఖ్య కంటే, పెద్దలకూ పిల్లలకూ మధ్య ఎన్నిసార్లు మాట ఇటూ అటూ మారిందన్న దానితోనే మెదడులోని భాషాకేంద్రమైన బ్రోకా ప్రాంతపు చురుకుదనం ఎక్కువ సంబంధం కలిగి ఉన్నదని తేలింది. మన పెద్దలు పరికరాలు లేకుండానే ఆ మార్గాన్ని అనుసరించారు.

పరిశోధనలు చెప్పినది

కుటుంబ స్థితికీ పిల్లల భాషకూ గల సంబంధాన్ని లెక్కగట్టిన వారిలో అమెరికాకు చెందిన బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ ప్రసిద్ధులు. వారు కాన్సస్ రాష్ట్రంలో 42 కుటుంబాలను నెలనెలా గంటసేపు పరిశీలించి 1995లో ఫలితాలను గ్రంథంగా వెలువరించారు. ఉన్నతోద్యోగుల ఇళ్ళలో పిల్లవాడు గంటకు సగటున 2,153 మాటలు, శ్రామికుల ఇళ్ళలో 1,251 మాటలు, ప్రభుత్వ సహాయంపై బతికే పేద ఇళ్ళలో 616 మాటలు విన్నట్లు వారు లెక్కించారు. ఈ లెక్కన నాలుగేళ్ళు వచ్చేనాటికి పైస్థాయి పిల్లలకూ అట్టడుగు పిల్లలకూ మధ్య మూడు కోట్ల మాటల అంతరం ఏర్పడుతుందని అంచనా వేశారు.

ఈ అంచనా ఎంతగా వ్యాపించిందో అంతగా విమర్శకు గురైంది. వారు పరిశీలించిన నిరుపేద కుటుంబాలు ఆరు మాత్రమే. పైగా బిడ్డను ఉద్దేశించి ప్రధానంగా తల్లి పలికిన మాటలనే వారు లెక్కలోకి తీసుకొన్నారు. 2018లో డగ్లస్ స్పెరీ, లిండా స్పెరీ, పెగ్గీ మిల్లర్ వేరు వేరు సమాజాలను పరిశీలించి, పేద కుటుంబాలన్నీ ఒకే తీరుగా ఉండవని చూపారు. తల్లి మాటలతో పాటు అన్నదమ్ములు, బంధువులు, చుట్టుపక్కలవారు బిడ్డ వింటుండగా మాట్లాడుకొనే మాటలను కూడా చేర్చితే లెక్క మారుతుందని వారు వాదించారు. పదిమంది అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకొనే పల్లెలకు ఈ విమర్శ బాగా వర్తిస్తుంది. అయినా తనను ఉద్దేశించి పలికిన మాట వల్ల పసివాడికి కలిగే మేలు, పక్కన ఎవరో ఎవరితోనో అన్న మాట వల్ల అంతగా కలుగదని పలువురు పరిశోధకుల అభిప్రాయం. కనుక ఈ రెండు వాదాలలోనూ సత్యం ఉంది.

తెలుగు పిల్లలను గురించిన సాక్ష్యం మన దగ్గరే ఉంది. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నాలుగు దేశాలలో చేపట్టిన 'యంగ్ లైవ్స్' అధ్యయనానికి భారతదేశంలో ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఎన్నుకొన్నారు. 2002లో మొదలైన ఈ అధ్యయనం 2001–02లో పుట్టిన సుమారు 2,000 మంది పిల్లలను ఏళ్ళ తరబడి అనుసరించింది. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాలు, హైదరాబాదు నగరం ఇందులో ఉన్నాయి. నెల్లూరు జిల్లా ఇందులో లేకపోయినా ఆ పల్లెల జీవితం ఇక్కడి పల్లెలకు దూరమైనది కాదు. పిల్లలకు ఐదేళ్ళ వయసులో పదజాల పరీక్ష పెట్టారు. నాలుగు బొమ్మలు చూపి ఒక మాట చెబితే దానికి సరిపోయే బొమ్మను పిల్లవాడు వేలితో చూపాలి. సంపద గల ఇళ్ళ పిల్లలు, చదువుకొన్న తల్లుల పిల్లలు ఆ వయసుకే ముందున్నారు. ఎనిమిదేళ్ళ నాటికి కూడా ఆ అంతరం చాలావరకు నిలిచే ఉంది. బడి గడప తొక్కక ముందే అంతరం ఏర్పడుతున్నదనీ, బడి ఒక్కటే దానిని పూడ్చలేకపోతున్నదనీ దీని సారాంశం.

లేమి మాటను తాకే దారులు

ఇంత మాత్రాన పేద తల్లికి బిడ్డపై ప్రేమ తక్కువనో, మాట రాదనో అనుకోవడం అన్యాయం. లేమి అనేక దారులలో వచ్చి మాటను తాకుతుంది.

మొదటిది కాలం. నాట్ల రోజులలో కూలితల్లి తెల్లవారక ముందే లేచి వంట ముగించి పొలానికి పోతుంది. సాయంత్రం నడుము నొప్పితో ఇల్లు చేరి మళ్ళీ పొయ్యి ముందు కూర్చుంటుంది. ఆమెకు మిగలనిది మాట కాదు, తీరిక. చంటిబిడ్డను చూసే పని ఏడెనిమిదేళ్ళ అక్కపై పడుతుంది. ఆ పిల్ల తమ్ముణ్ణి చంకన వేసుకొని తిప్పగలదు గాని అవ్వ చెప్పినట్లు కథ చెప్పలేదు. పైగా తన బడినీ పోగొట్టుకొంటుంది.

రెండవది ఆహారం, ఆరోగ్యం. రక్తహీనత గల బిడ్డ మందకొడిగా ఉండి తక్కువగా పలుకుతుంది. తక్కువగా పలికే బిడ్డతో పెద్దలూ తక్కువగా మాట్లాడతారు. గర్భిణికి అయోడిన్ లోపిస్తే బిడ్డ మెదడు ఎదుగుదలే దెబ్బతింటుంది. చెవిలో తరచు చీము పట్టే పిల్లవాడికి మాటలు మసకగా వినబడతాయి. అతణ్ణి పెంకివాడనో మొద్దనో అంటారే గాని చెవి పరీక్ష చేయించాలని చాలామందికి తోచదు. పుట్టు చెవుడును తొలి నెలలలోనే గుర్తిస్తే చికిత్సకో, సంజ్ఞాభాషకో అవకాశం ఉంటుంది. ఆలస్యమైన కొద్దీ భాష నేర్చుకొనే అమూల్యకాలం జారిపోతుంది.

మూడవది వలస. ఇటుక బట్టీలకు, చేపల చెరువుల కాపలాకు ఊరు విడిచిపోయే కుటుంబాలలో బిడ్డకు అవ్వాతాతలు దూరమవుతారు; అంగన్‌వాడీ దూరమవుతుంది; ఇరుగుపొరుగు మారిపోతుంది. నెల్లూరు జిల్లాలో అధికసంఖ్యలో ఉన్న యానాదుల కుటుంబాలలో ఈ బాధ ఎక్కువ. వారి పిల్లలకు మాటలు తక్కువన్న అపవాదు ఉంది. కాని కొర్రమీను, జెల్ల, బొమ్మిడాయి వంటి చేపల పేర్లు, నీటి పోకడలు, పిట్టల కూతలు వారికి తెలిసినంతగా బడిలోని తక్కిన పిల్లలకు తెలియవు. ఆ మాటలు పరీక్షపత్రంలో ఉండవు కనుక వారి భాష లెక్కకు రాదు. కొలిచే కొలతలోనూ లోపం ఉండవచ్చునని విజ్ఞులు గుర్తించాలి.

నాలుగవది ఇంటి వాతావరణం. అప్పుల బాధ, తాగుడు, కలహం ఉన్న ఇంట్లో మాటలు చాలానే ఉంటాయి. కాని అవి కేకలు, ఆజ్ఞలు, తిట్లు. 'రా', 'పో', 'నోర్ముయ్' అనే మాటలకు బదులు పలకనవసరం లేదు. భయపడిన బిడ్డ మౌనాన్నే ఆశ్రయిస్తుంది.

కలిమి గల ఇంటి కొరత

మాటల కరవు పేద ఇళ్ళకే పరిమితం కాదు. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు పోయే చిన్న కుటుంబాలలో అవ్వాతాతల స్థానాన్ని టెలివిజన్, సెల్‌ఫోన్ ఆక్రమించాయి. అన్నం తినిపించడానికి చందమామకు బదులు ఫోన్ తెర చూపుతున్నారు. తెరలో మాటలకు కొదవ లేదు గదా అనవచ్చు. ఈ సందేహానికి 2003లో ప్యాట్రీషియా కూల్ బృందం జరిపిన ప్రయోగం సమాధానం చెప్పింది. తొమ్మిది నెలల అమెరికన్ శిశువులలో కొందరికి చైనా భాష మాట్లాడే మనుషులు పన్నెండుసార్లు ఎదురుగా కూర్చుని కథలు చెప్పారు. మరికొందరికి అవే కథలను తెరపై చూపారు. మనుషుల నుంచి విన్న పిల్లలు ఆ భాష ధ్వనులను గుర్తించడం నేర్చుకొన్నారు. తెరను చూసిన పిల్లలు ఏమీ నేర్వలేదు. శిశువు చూపు ఎటు తిరిగితే అటు తిరిగి ఆ వస్తువు పేరు చెప్పే శక్తి తెరకు లేదు. ఏడాది లోపు పిల్లలకు తెర అసలే పనికిరాదనీ, రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంట మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

చదువుకొన్న ఇళ్ళలో మరొక పొరపాటు కూడా కనిపిస్తుంది. బిడ్డకు ఇంగ్లీషు త్వరగా రావాలనే ఆరాటంతో, తమకే అంతగా పట్టులేని ఆ భాషలో నాలుగు ముక్కలు మాత్రమే బిడ్డతో పలుకుతారు. సామెత, పొడుపుకథ, వేళాకోళం, ఓదార్పు అన్నీ తమకు సహజంగా వచ్చే తెలుగులో ఉండిపోతాయి. అవి బిడ్డకు అందవు. రెండు భాషలు వినడం వల్ల పిల్లలు తికమకపడతారన్న భయం మాత్రం నిరాధారం. సూళ్ళూరుపేట, తడ ప్రాంతాలలో తెలుగు, తమిళం కలగలిసిన ఇళ్ళ పిల్లలు రెండింటినీ సునాయాసంగా మాట్లాడతారు. ఎన్ని భాషలన్నది కాదు, ఏ భాషనైనా నిండుగా వినడం ముఖ్యం.

ఇంటి పలుకు, బడి పలుకు

ఇంట్లో నేర్చిన భాష బడిలో చెల్లకపోతే పిల్లవాడి నోరు మూతపడుతుంది. ఈ సత్యాన్ని ముందుగా గుర్తించిన మహనీయుడు గిడుగు వెంకట రామమూర్తి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న ఆయన సవరల భాషను స్వయంగా నేర్చుకొని, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించడానికి పాఠశాలలు పెట్టించారు, వాచకాలు రచించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సవర, కోయ, గోండి, కొలామి మొదలైన ఎనిమిది గిరిజన భాషలలో బహుభాషా విద్య ప్రారంభమైంది. వీలైనంతవరకు కనీసం ఐదవ తరగతి దాకా ఇంటి భాషలో బోధించాలని 2020 నాటి జాతీయ విద్యావిధానం చెప్పింది. నెల్లూరు సీమలోని ఎరుకల, ఉర్దూ, తమిళ కుటుంబాల పిల్లలకూ, యానాదుల యాసలో తెలుగు మాట్లాడే పిల్లలకూ ఈ సూత్రం అవసరమైనదే. యాసను చూసి నవ్విన తరగతిలో పిల్లవాడు నోరు విప్పడు. నోరు విప్పనివాడికి మాట పెరగదు.

చేయదగినది

పరిస్థితుల వల్ల కలిగిన లోపాన్ని పరిస్థితులను మార్చి సవరించవచ్చు. జమైకా దేశపు రాజధాని కింగ్‌స్టన్‌లో 1986–87లో ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసిపిల్లలపై ఒక ప్రయోగం మొదలైంది. కొందరి ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒక గంట చొప్పున రెండేళ్ళపాటు వెళ్ళి, ఇంట్లో దొరికే వస్తువులతోనే బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లులకు చూపారు. ఇరవై ఏళ్ళ తరువాత చూస్తే ఆ పిల్లల సంపాదన, అటువంటి సాయం అందనివారి కంటే నాలుగోవంతు అధికంగా ఉంది. ఆ తల్లుల పేదరికం ఆనాడు తీరలేదు. వారికి దొరికింది ఒక తోడు, ఒక తెలివిడి మాత్రమే.

మనదేశంలో 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద ఊరూరా అంగన్‌వాడీలు వెలిశాయి. వాటిని గుడ్డు, పాలు పంచే చోటుగా మాత్రమే చూడకుండా మాట నేర్పే చోటుగా తీర్చిదిద్దాలి. పుట్టుక నుంచి మూడేళ్ళ వరకు గల శిశువుల వికాసానికి 2024లో రూపొందిన 'నవచేతన' ప్రణాళిక ఈ దిశగా వేసిన అడుగు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల వినికిడి లోపాన్ని గుర్తించడాన్ని తన పనులలో చేర్చుకొంది. పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురుంటే వారిని చూడడానికి ఒక స్త్రీని నియమించాలని 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం చెప్పింది. యాభై మంది, అంతకు మించి పనిచేసే సంస్థలలో శిశుసంరక్షణ కేంద్రం ఉండాలని 2017 నాటి ప్రసూతి ప్రయోజన సవరణ చట్టం శాసించింది. ఈ నిబంధనలు కాగితం దాటి పొలం గట్టుకు చేరినప్పుడే కూలితల్లి బిడ్డకు మేలు.

ప్రభుత్వం చేయవలసినది అది అయితే, ఇంటివారు చేయగలిగినది మరొకటి ఉంది. దానికి ధనం అక్కరలేదు. కూర తరుగుతూ కాయల పేర్లు చెప్పవచ్చు. నీళ్ళు పోస్తూ పాట పాడవచ్చు. బిడ్డ వేలు చూపిన దానిని తామూ చూసి 'అదేమిటి?' అని అడగవచ్చు; అడిగి బదులు కోసం ఒక్క క్షణం ఆగవచ్చు. పొలం నుంచి వచ్చిన తండ్రి బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకొని ఆనాటి ముచ్చట చెప్పవచ్చు. శిశువుతో మాట్లాడడం ఆడవారి పని అని తండ్రులు తప్పుకొంటే ఇంటి మాటలలో సగం బిడ్డకు దక్కకుండా పోతుంది. కళాశాలలో చదివే అన్న, అక్క ఇంట్లో చంటివాడికి రోజూ ఒక కథ చెప్పినా, ఒక పుస్తకంలోని బొమ్మలు చూపినా అది చిన్న సేవ కాదు.

భాష ఏ ఒక్క ఇంటి ఆస్తీ కాదు. ఏనాడో ఎవరో పలికిన మాట తరతరాలుగా నోట నోట ప్రవహించి నేటి శిశువుకు చేరుతున్నది. ఆనకట్ట నీరు చివరి మడికి అందకపోతే లోపం ఆ మడిది కాదు, కాలువది. అట్లే మాటలు చాలని బాలుడు బడికి వచ్చినప్పుడు తప్పు అతనిది కాదు. అతని వరకు మాట చేరేలా చేయవలసిన బాధ్యత ఇంటిదీ, బడిదీ, సమాజానిదీ. ఆ బాధ్యతను గుర్తించిన నాడు తరగతిగదిలో ఏ బిడ్డా మూగవాడుగా మిగిలిపోడు.